డిజిటల్ బ్యాంకింగు పథకాలలో అవసరాల ప్రాధాన్యక్రమము

డిజిటల్ బ్యాంకింగు వ్యవస్థను నిర్మించునప్పుడు ఏ సౌకర్యము ముందు కావలెనో, ఏది తరువాత వచ్చినను నష్టము లేదో నిర్ణయించుటను అవసరాల ప్రాధాన్యక్రమము అంటారు. సాఫ్టువేరు రంగములో వాడుకలో ఉన్న ‘మాస్కో’ పద్ధతి అవసరాలను తప్పనిసరి, ఉండదగినవి, ఉంటే మంచివి, ప్రస్తుతానికి వద్దు అని నాలుగు తరగతులుగా విభజిస్తుంది. (రష్యా రాజధానితో దీనికి సంబంధము లేదు, ఆంగ్ల పదాల మొదటి అక్షరాల నుండి ఈ పేరు ఏర్పడినది.)

స్మార్ట్‌కార్డు పథకము

ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛనుల చెల్లింపునకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేపట్టిన స్మార్ట్‌కార్డు పథకము ఇందుకు చక్కని ఉదాహరణ. అంతకుముందు కూలి డబ్బు సాధారణముగా తపాలా కార్యాలయము ద్వారా, పింఛను పంచాయతీ సిబ్బంది చేతి మీదుగా అందేది. తొలి విడతలో పని ముందుకు సాగని ఎనిమిది జిల్లాల ఒప్పందాలను 2010లో వేరే బ్యాంకులకు అప్పగించారు. బాసర అప్పుడు భాగముగా ఉన్న ఆదిలాబాదు జిల్లా వీటిలో ఒకటి (2016 నుండి బాసర నిర్మల్ జిల్లాలో ఉన్నది).

ఈ పథకములో రెండు విషయాలను తప్పనిసరిగా ఎంచారు: డబ్బు అసలు వ్యక్తికే చేరుట, ఊరిలోనే చేరుట. లబ్ధిదారు వేలిముద్రను కార్డులోని ముద్రతో యంత్రము సరిపోల్చి, రశీదు ముద్రించి, కొన్ని సందర్భాలలో చెల్లించిన మొత్తమును తెలుగులో పలికేది. చదువురాని వారికి రశీదు కంటె ఆ పలుకే ఎక్కువ అక్కరకు వచ్చేదని వేరుగా చెప్పనక్కరలేదు. చెల్లించే మహిళ ఆ గ్రామవాసి, స్వయం సహాయక సంఘ సభ్యురాలు, ఉన్నత పాఠశాల చదువు పూర్తిచేసినది అయి ఉండాలని, గ్రామాధికారుల బంధువు కారాదని నియమము. ఖాతాలో పొదుపు వంటి పూర్తి బ్యాంకు సేవలు మాత్రము ఆచరణలో వెనుకబడినవి. ఎక్కువమంది మొత్తము డబ్బును ఒకేసారి తీసుకొనేవారు.

చేతి చెల్లింపు వివాదము

గ్రామములో 40 శాతము లబ్ధిదారులు నమోదైన తరువాత కొత్త పద్ధతి మొదలయ్యేది. మరి మిగిలినవారి సంగతి? కార్డు లేనివారికి పాత పద్ధతిలో చేతి చెల్లింపును కొనసాగనిచ్చారు. దొంగ పేర్లకు దారి మిగులుతుందన్న ఆక్షేపణ సహేతుకమే. అయినను కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్‌లు 157 మండలాలలో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనములో, రెండేళ్ళకు సుమారు సగము చెల్లింపులే కొత్త పద్ధతికి మారినప్పటికీ జాప్యము, సొమ్ము దారిమళ్ళుట తగ్గినట్లు, లబ్ధిదారులు పథకానికి దూరము కానట్లు తేలినది. అభిప్రాయము తెలిపిన కార్డుదారులలో 90 శాతానికి పైగా కొత్త పద్ధతినే మెచ్చారు.

జార్ఖండ్‌లో 2016-17లో రేషను సరుకులకు ఆధార్ ధ్రువీకరణను తప్పనిసరి చేసినప్పుడు క్రమము తలక్రిందులైనది. అక్కడ అక్రమాల నివారణకు మొదటి స్థానము దక్కినది. ఇదే పరిశోధకుల 2020 నాటి అధ్యయనము ప్రకారము, ఆధార్ అనుసంధానము కాని కుటుంబాలలో కొన్నింటికి సరుకులు అసలే అందలేదు.