దూరమునుండి వేడిమిని కొలుచు యంత్రము: దాని నెన్నుకొను విధము

పెనము కాగినదో లేదో తెలిసికొనుటకు మన తల్లులు దానిపై నీటిచుక్కలు చిలుకరించి చూచెదరు. ఇప్పుడు తుపాకివంటి చిన్న యంత్రమును దానివైపు త్రిప్పి మీట నొక్కినచో వేడిమి అంకెలలో కనబడుచున్నది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరముల నుండి వచ్చు మా విద్యార్థులు కొందరు, వంటకును ఎలక్ట్రానిక్ సామగ్రి మరమ్మతునకును తక్కువ వెలలో నెట్టిది కొనవలెనని మమ్మడిగిరి.

ప్రతి వస్తువును తన వేడిమిని బట్టి కంటికగపడని పరారుణ కిరణములను వెలువరించును. 1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముచే విడదీసి, ఎఱుపు రంగునకు ఆవల నుంచిన ఉష్ణమాపకము పైకెక్కుట చూచి వీనిని కనుగొనెను. ఈ యంత్రము ఆ కిరణములను గ్రహించి వేడిమిని లెక్కించును. దాని లేజరు చుక్క గుఱి చూపుటకే గాని కొలుచుటకు గాదు. దానిని ఎవరి కన్నులవైపును త్రిప్పరాదు.

గత సంవత్సరము మా తరగతిలో, పొయ్యి మీదనుండి అప్పుడే దింపిన మెఱయు అల్యూమినియం గిన్నె ప్రక్కకు గుఱిపెట్టితిమి. లోపల నీరు సలసల కాగియున్నను యంత్రము 40 డిగ్రీలే చూపెను. "చల్లగానే ఉన్నది సార్" అని యొక బాలుడు చేయి చాచెను. మేము పట్టుకొనకున్న వ్రేళ్లు కాలియుండును. పిమ్మట గిన్నెకు నల్లని ఇన్సులేషన్ టేపు ముక్క నంటించి దానిపై గుఱిపెట్టగా అంకె 90 డిగ్రీలకు చేరువయ్యెను. మెఱుగు లోహము స్వల్పముగా కిరణములను వెలువరించి, పరిసరముల కిరణములను అద్దమువలె త్రిప్పికొట్టును. ఈ వెలువరించు గుణమునకు ఉద్గారత యని పేరు. నీటికిని, నల్లని టేపునకును ఇది సుమారు 0.95, మెఱయు అల్యూమినియమునకు 0.1 కంటెను తక్కువ.

కావున కొనునపుడు ఈ మూడు విషయములు చూడవలెను.

మొదటిది, కొలుచు హద్దు. 2020లో కరోనా కాలమున నుదుటివైపు త్రిప్పిన యంత్రములు శరీరపు వేడిమికే గాని వంటకు పనికిరావు. బజ్జీలు వేయు నూనె 180 డిగ్రీల ప్రాంతమున నుండును. అందుచే 400 వరకు చూపునది చాలును. వేయి డిగ్రీలకై ఎక్కువ వెల ఇయ్యనక్కరలేదు.

రెండవది, దూర నిష్పత్తి. 12:1 అనగా 12 అంగుళముల దూరమునుండి అంగుళము వెడల్పు గల చోటి సగటు వేడిమి తెలియును. చిప్పు అంతకంటె చిన్నదైనచో చుట్టునున్న బోర్డు వేడిమియు కలిసి, అంకె తప్పును.

మూడవది, ఉద్గారతను మార్చుకొను వీలు. అది లేనిచో, మరీ వేడెక్కని లోహముపై టేపు నంటించి కొలువవచ్చును.

కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నను, మఱెక్కడ కొన్నను, కొనిన దినముననే దంచిన మంచుగడ్డలు నిండిన నీటిని కలియబెట్టి కొలువుడు. అంకె సున్నకు రెండు డిగ్రీలలోపుగా నుండవలెను.

ఈ యంత్రము చూచునది పైభాగమునే. మాంసము లోపల ఉడికినదో లేదో తెలియుటకు గ్రుచ్చి చూచు ఉష్ణమాపకమే శరణ్యము. తల్లిదండ్రులారా, యంత్రము చల్లగా నున్నదని చెప్పినను, మెఱయు గిన్నెను పిల్లలు ముట్టకుండ చూడుడు.