ఐదు రోజుల కరెంటు, మూడు వందల కిలోమీటర్ల దారి

రొమ్ము క్యాన్సర్ మీద కొత్త పరిశోధన అనగానే పత్రికల్లో ముందు కనిపించేది లక్షల రూపాయల సూది మందో, జన్యువులను చదివే పరీక్షో. వాటి విలువను కాదనలేం. కానీ ఉట్నూరులోనో, బోథ్‌లోనో, మంథనిలోనో ఉండే మహిళ వైపు నుంచి చూస్తే ఈ మధ్య వచ్చిన ఫలితాల్లో అక్కరకొచ్చేవి వేరే ఉన్నాయి. అవి వైద్యానికి కొత్తగా ఏదో కలిపినవి కావు. రోజులు తగ్గించినవి, ఖర్చు పెంచకుండా ప్రాణం నిలిపినవి. మన ఉత్తర తెలంగాణ అడగవలసింది ముందుగా వాటినే.

ఆపరేషన్ తర్వాత ఎక్కడైనా మిగిలిన క్యాన్సర్ కణాలను చంపడానికి రేడియేషన్ ఇస్తారు. జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఒకప్పుడు ఇది ఐదు వారాల పని. తర్వాత మూడు వారాలకు దిగింది. దాన్ని ఒక్క వారంలో, ఐదు విడతల్లో ముగించవచ్చా అని బ్రిటన్‌లోని 97 ఆసుపత్రులు 4,096 మంది మీద పరీక్షించాయి. ‘ఫాస్ట్-ఫార్వర్డ్’ అనే ఆ అధ్యయనం 2020లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. మూడు వారాలు కరెంటు పెట్టించుకున్నవారిలో ఐదేళ్లలోపు అదే వైపు జబ్బు తిరగబెట్టింది నూటికి 2.1 మందికి. వారంలో మొత్తం 26 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) మోతాదు తీసుకున్నవారిలో అది 1.4. ఇంత చిన్న తేడాతో వారం వైద్యమే మెరుగని చెప్పలేం, అంతకన్నా తక్కువ కాదని మాత్రం ధీమాగా చెప్పవచ్చు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి మూడు వందల కిలోమీటర్లు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, మంచిదే. కానీ పత్తి ఏరే రోజుల్లో మూడు వారాలు పట్నంలో ఉండిపోతే పోయే కూలి, తోడు వచ్చినవారి కూలి ఆ లెక్కలోకి రావు. చికిత్స మధ్యలో ఆపేసి ఇంటికి తిరిగొచ్చే మనిషిని మొండి అనే ముందు ఈ లెక్క కూడా వేయాలి.

ఇది పేదలకు సరిపెట్టే చౌక వైద్యం కదా అని అనుమానం రావచ్చు. ఆ అధ్యయనం చేసింది బ్రిటన్, అదీ తమ రోగుల కోసమే. ముందుగా అమల్లో పెట్టిందీ వాళ్లే. ఇక అసలైన చౌక వైద్యం మన దేశంలోనే పుట్టింది. ముంబయి టాటా మెమోరియల్‌కు చెందిన డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం 11 కేంద్రాల్లో 1,600 మంది మహిళలపై చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. కత్తి పెట్టడానికి ఏడు నుంచి పది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిడోకైన్ ఎక్కించడం, అంతే. పన్ను పీకేటప్పుడు ఇచ్చే తిమ్మిరి మందే అది. ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు ఆ సూది పడినవారిలో నూటికి 90.1 మంది, పడనివారిలో 86.4 మంది. ఇంత చవక మందుకు ప్రచారం చేసిపెట్టే కంపెనీ ఉండదన్నది వేరే సంగతి. అయితే ఇది ఒక్క అధ్యయనమే, ఎవరికి సూది వేశారో సర్జన్లకు తెలుసు, అది ఎలా పనిచేస్తుందో ఇంకా పూర్తిగా తేలలేదు అని కొందరు నిపుణులు ఆగమంటున్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కాకపోతే పెద్దగా హాని లేని, ఖర్చు లేని పద్ధతికి కావలసిన రుజువు, లక్షలు మింగే మందుకు కావలసిన రుజువు ఒకే స్థాయిలో ఉండనక్కరలేదని నా అభిప్రాయం.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. లిడోకైన్ అధ్యయనంలో చేరినవారంతా ముందు కీమో అక్కరలేకుండా నేరుగా ఆపరేషన్‌కు వెళ్లగలిగినవారు. ఐదు రోజుల కరెంటు ఫలితం కూడా ప్రధానంగా తొలి దశలో ఉన్నవారిదే. గడ్డ పుండై చర్మం పగిలాక వచ్చే మనిషికి ఈ రెండూ పెద్దగా అందవు. కాబట్టి ఈ కొత్త వైద్యాలు మన పల్లెలకు చేరాలంటే ముందు గడ్డ సంగతి తొందరగా బయటపడాలి. దీనికీ ముంబయి నుంచే ఒక జవాబు ఉంది. 1998లో మొదలైన అధ్యయనంలో లక్షన్నర మందికి పైగా బస్తీ మహిళలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులోని వారికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ యంత్రం ఊసే లేదు. 2021లో వెలువడిన ఇరవై ఏళ్ల ఫలితాల్లో, ముదిరిన దశలో బయటపడే కేసులు ఆ గుంపులో తగ్గాయి. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే మరణాల్లో 15 శాతం తగ్గుదల కనిపించింది, కానీ గణాంకాల ప్రకారం అది యాదృచ్ఛికమూ కావచ్చు. 50 ఏళ్లు దాటినవారిని విడిగా చూస్తేనే దాదాపు 30 శాతం తగ్గుదల గట్టిగా నిలబడింది. అంతకన్నా చిన్నవారిలో మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

ఈ ఫలితాన్ని కరీంనగర్‌కు తెచ్చి చూడాలి. మహిళలకు మంగళవారం క్లినిక్కులు నడిపే ‘ఆరోగ్య మహిళ’ పథకం 2023 మార్చి 8న మొదలైంది ఇక్కడే. క్యాన్సర్ పరీక్షతో పాటు నెలసరి, సంతాన సమస్యలూ అందులో చూస్తారు. సహజంగానే వాటి కోసం వచ్చేది వయసులో ఉన్నవారు. ముంబయి ఫలితం ఎక్కువగా వర్తించేది మాత్రం వాళ్ల అత్తలకు, అమ్మలకు. కాన్పుల వయసు దాటిన ఆడమనిషి తన కోసం దవాఖానకు రావడం మన పల్లెల్లో అరుదు. చిన్న వయసువారిని వదిలేయమని దీని అర్థం కాదు. గడ్డ తగిలితే ఏ వయసులోనైనా వెంటనే చూపించుకోవాల్సిందే. నేను చెప్పేది ఏ లక్షణమూ లేనివారిని వెతికి పరీక్షించడం గురించి. పైగా జాతీయ కార్యక్రమం 30 ఏళ్లు దాటినవారికి ఐదేళ్లకోసారి పరీక్ష చాలంటుంది. ముంబయిలో పరీక్షించి చూసింది రెండేళ్లకోసారి. రుజువైన గడువు ఒకటి, పాటించే గడువు ఇంకొకటి అయినప్పుడు ఆ ఫలితమే ఇక్కడా వస్తుందని ఆశించడం ఎలా?

ముంబయి వేరు, ఆదిలాబాద్ వేరు అనేవారి మాటలో బలం ఉంది. అక్కడ గడ్డ దొరికితే టాటా ఆసుపత్రి అదే నగరంలో ఉంది. ఇక్కడ ఆశ కార్యకర్త చేతికి గడ్డ తగిలినా, అది క్యాన్సరా కాదా తేలేలోపే నెలలు గడిచిపోతే పరీక్ష వల్ల మిగిలేది భయమే. అందుకే ముక్క తీసి పరీక్షించే ఏర్పాటు ఆదిలాబాద్ రిమ్స్‌లో, కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలో ఎంత త్వరగా అందుతుందన్నది అన్నిటికన్నా ముఖ్యం. యాభై దాటినవాళ్లను వెతకడం కష్టమేమీ కాదు. జగిత్యాల, నిర్మల్ వైపు బీడీలు చుట్టే కార్ఖానాల దగ్గర, మహిళా సంఘాల సమావేశాల్లో, పింఛను ఇచ్చే రోజు పోస్టాఫీసు ముందు వాళ్లే ఉంటారు. క్లినిక్ లెక్కల్లో మాత్రం ఎంతమందిని పరీక్షించారన్న గడి ఒక్కటే చాలదు. గడ్డ తగిలిన రోజు నుంచి ఆపరేషన్ రోజు దాకా ఎన్ని రోజులు పట్టిందో రాసే గడి పక్కనే ఉండాలి, దాన్ని జిల్లా వైద్యాధికారి ప్రతి నెలా చూడాలి.