కంపైలరు ఎందుకు అడ్డుపడుతుంది?

నంద్యాల జిల్లాలోని శ్రీశైలం ఆనకట్టను మీలో చాలామంది చూసే ఉంటారు. కృష్ణానదికి అడ్డంగా నిలిచిన ఆ కట్టకు 12 గేట్లు. నీటిమట్టం 885 అడుగులకు చేరితే జలాశయం నిండినట్లు లెక్క. వరద రోజుల్లో గేట్లు ఎత్తితే, దూకే నీటిని అందరూ ఫోనుతో ఫోటో తీసుకుంటారు. సరే, ఆ ఫోటో ఎక్కడికి పోయింది? "ఫోనులోకి" అంటారు మీరు. దాన్ని తీసుకుపోయి భద్రంగా పెట్టింది ఎవరు?

జలాశయంలో నీరుంది గదా అని ఎవరికి తోచినట్లు వారు గేటు ఎత్తరు. ఏ గేటు, ఎంత ఎత్తు, ఎప్పుడు అన్నది ఇంజనీర్లు నిర్ణయిస్తారు. కంప్యూటర్లోనూ అంతే. కెమెరా ప్రోగ్రాము నేరుగా డిస్కును ముట్టుకోదు, కెర్నెల్‌ను అడుగుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటిది కెర్నెల్. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెల్. దీన్ని 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. నేడు అందులో మూడు కోట్ల వరుసలకు పైగా కోడ్ ఉంది. సమాచారాన్ని దాచి, తిరిగి ఇచ్చే భాగాన్ని స్టోరేజి కోడ్ అంటారు.

ఈ కోడ్‌ను ఎక్కువగా సి భాషలో రాస్తారు. యంత్రానికి ఆ భాష రాదు. దాన్ని యంత్రభాషలోకి మార్చేది కంపైలరు. విడివిడిగా మారిన ముక్కలను కలిపేది లింకరు. ఈ మొత్తం పనిని బిల్డ్ అంటారు. మధ్యలో ఏదైనా పొసగకపోతే పని ఆగిపోతుంది. అదే బిల్డ్ ఎర్రరు.

రాసినవారు తప్పు చేయకపోయినా ఎర్రరు వస్తుందా? వస్తుంది. 2022లో జరిగిన సంగతే చూడండి.

లినక్స్‌లో డిస్కుకు పంపే ప్రతి కోరికకూ ఒక చీటీ ఉంటుంది. దాని పేరు బయో. ఏ డిస్కు, డిస్కులో ఏ చోటు, చదవాలా, రాయాలా అన్న వివరాలు అందులో ఉంటాయి. కొత్త చీటీ ఇచ్చే ఫంక్షను పేరు బయో ఎలాక్. అంతకుముందు దానికి రెండు విషయాలు చెబితే చాలు: మెమరీని ఏ పద్ధతిలో తీసుకోవాలి, చీటీలో ఎన్ని మెమరీ ముక్కలకు చోటు ఉండాలి. డిస్కు పేరు, చేయవలసిన పని తరువాత వేరే వరుసల్లో నింపేవారు. అన్నీ ఒకేసారి చెబితే చీటీని ఒక్క దెబ్బతో సిద్ధం చేయవచ్చు గదా! అందుకని 2022 మేలో విడుదలైన 5.18 కెర్నెల్‌లో నాలుగు విషయాలు అడగడం మొదలుపెట్టారు: డిస్కు, ముక్కల సంఖ్య, చేయవలసిన పని, మెమరీ పద్ధతి.

కెర్నెల్ లోపల ఈ ఫంక్షనును పిలిచే చోట్లన్నిటినీ మార్చినవారే సరిదిద్దారు. కాని కెర్నెల్‌కు వెలుపల విడిగా రాసుకున్న స్టోరేజి ప్రోగ్రాములూ ఉంటాయి. వాటిలో పాత పిలుపులే మిగిలాయి. కొత్త కెర్నెల్‌తో బిల్డ్ చేయబోతే, "ఈ ఫంక్షనుకు ఇచ్చిన అంశాలు చాలవు" అంటూ కంపైలరు ఆగిపోతుంది. నిన్నటిదాకా బాగా నడిచిన కోడే అది!

అప్పుడు ఏం చేయాలి? ముందు మొదటి ఎర్రరు చదవాలి. ఫైలు పేరు, వరుస సంఖ్య అందులోనే ఉంటాయి. కింద వంద ఎర్రరులున్నా కంగారు పడనక్కరలేదు. మొదటిది సరిచేస్తే మిగిలినవి చాలావరకు వాటంతటవే పోవచ్చు. తరువాత, కొత్త కెర్నెల్ ఆ ఫంక్షనును ఎలా మార్చింది, ఎందుకు మార్చింది అని చూడాలి. పాత కెర్నెల్‌తోనూ పని జరగాలంటే, "5.18 కంటే పాతదైతే ఇలా, కాకపోతే అలా" అని రెండు దారులూ రాసిపెట్టవచ్చు.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. ఖాళీగా ఉన్న గడిలో ఏదో ఒకటి పెడితే ఎర్రరు పోతుంది. "సున్నా పెడితే పోలా?" అనిపిస్తుంది. కాని ఈ కోడ్‌లో సున్నా అంటే 'చదువు', ఒకటి అంటే 'రాయి'! 'రాయి' అని నింపే పాత వరుసను తీసేసి, కొత్త గడిలో సున్నా పెట్టారనుకోండి. కంపైలరు నోరెత్తదు. ఫోటో డిస్కులోకి పోదు సరికదా, మెమరీలో ఉన్న ఫోటో మీద డిస్కులోని పాత సమాచారం వచ్చి పడుతుంది. ఎర్రరు పోయింది, దానితోపాటు ఫోటో కూడా పోయింది!

కాబట్టి బిల్డ్ పూర్తయితే పని ముగిసినట్లు కాదు. లినక్స్ వారు స్పార్స్ అనే మరో తనిఖీ సాధనాన్ని కూడా వాడతారు. సాధారణ కంపైలరుకు ఒకేలా కనిపించే రెండు రకాల సంఖ్యలను అది వేరు చేసి చూడగలదు. దీన్నీ టోర్వాల్డ్స్ 2003లో మొదలుపెట్టాడు. ఆ తరువాత అసలైన డిస్కు జోలికి పోకుండా, ఒక ఫైలునే ఉత్తుత్తి డిస్కుగా పెట్టి దానిలో రాస్తారు, తిరిగి చదివి రెండూ ఒకటేనా అని పోల్చి చూస్తారు.

మీరూ ఒక చిన్న ప్రయోగం చేయండి. బడి కంప్యూటర్లో రెండు సంఖ్యల లబ్ధం చెప్పే ఫంక్షను సి భాషలో రాయండి. దాన్ని మూడు సంఖ్యలు అడిగేలా మార్చి, పిలుపును మాత్రం పాతదే ఉంచండి. కంపైలరు ఏమంటుందో చదవండి. ఇప్పుడు పిలుపులో మూడో సంఖ్యగా సున్నా పెట్టండి. ఎర్రరు మాయం! కాని జవాబు? ఏ సంఖ్యలు ఇచ్చినా సున్నాయే. మరి మూడో చోట ఏ సంఖ్య పెడితే పాత జవాబే వస్తుంది? ఆలోచించండి.

గేట్లు ఎత్తే ముందు దిగువన ఉన్నవారు తప్పుకోవడానికి సైరన్ మోగిస్తారు. ఆ మోత చెవులకు ఇంపుగా ఉండదు. అయినా దాని తీగ తెంచాలని ఎవరూ అనుకోరు. బిల్డ్ ఎర్రరు కూడా అటువంటి సైరనే. డిస్కులో ఒక్క అక్షరమైనా చెడకముందే అది మోగుతుంది. దాని నోరు మూయించడం కాదు, అది ఏం చెబుతున్నదో వినడమే మన పని.