తీగ మరువని రంగు

మహాశివరాత్రి నాడు ఉపవాసమున్న ఇండ్లలో దుంపలు ఉడకబెట్టడం మన ఆచారం. ఆ దుంపను తెలంగాణలో కందగడ్డ అంటారు, కోస్తా జిల్లాలలో చిలగడదుంప అంటారు, రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు. ఖమ్మం జిల్లా కొసన, ఆంధ్రప్రదేశ్ పొలిమేరకు చేరువగా ఉన్న వేంసూరు వంటి చోట మొదటి రెండు పేర్లూ చెల్లుతాయి. పేరు ఏదైనా, సంతలో కుప్పపోసిన దుంపలను పరికించి చూచేవారికి ఒక సందేహం కలగక మానదు. కొన్నిటి తోలు ఎరుపు, కొన్నిటిది తెలుపు. ఎర్రతోలు దుంపను విరిస్తే లోపల తెల్లని గుజ్జు. పైరంగుకూ లోరంగుకూ పొత్తు లేదు. ఈ రంగులు ఒక తరం నుండి మరొక తరానికి ఏ దారిని నడుస్తున్నాయి?

రైతును అడిగితే ఒక్క మాటలో తేల్చివేస్తాడు: ఏ తీగ నాటితే ఆ దుంపే ఊరుతుంది. అది అక్షరాలా సత్యం. చిలగడదుంపను విత్తనంతో పండించరు. జానెడు తీగముక్కను మట్టిలో గుచ్చుతారు. అలా మొలిచినది తల్లి తీగకు బిడ్డ కాదు, తల్లి తీగే. ఒకే రకం నాటిన చేనులో వేల మొక్కలు కనిపించినా, అవన్నీ నిజానికి ఒకే మొక్క యొక్క తునకలు. అమెరికా ఖండంలో పుట్టిన ఈ పంటను 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారని పండితుల అభిప్రాయం. అప్పటి నుండి రైతు చేతి మీదుగా తీగ నుండి తీగకు రంగు సాగుతూ వచ్చింది.

అయితే ఈ మొక్క పూయదా? పూస్తుంది. దీని పువ్వు తూటికూర పువ్వును పోలి ఉంటుంది. రెండూ ఒకే కుదురువి. సాధారణంగా ఒక రకం పుప్పొడి అదే రకం పువ్వుకు పట్టదు. తేనెటీగ మరొక రకం నుండి పుప్పొడి తెస్తేనే గింజ కడుతుంది. ఆ గింజ నుండి వచ్చిన మొక్క తల్లిని పోలుతుందా అంటే, చెప్పడం కష్టం.

1865లో గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి బఠాణీ మొక్కలపై తాను చేసిన పరిశోధనలను లోకానికి వెల్లడించాడు. ప్రతి గుణానికీ మొక్కలో రెండు పాళ్లు ఉంటాయి, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. అందుచేత మరుగుపడిన గుణం రెండవ తరంలో నాలుగింట ఒక పాలుగా బయటపడుతుంది. బఠాణీలో లెక్క ఇంత తేలిక. చిలగడదుంపలో పాళ్లు రెండు కావు, ఆరు. దీని కణంలో 90 క్రోమోజోములు, అనగా 15 చొప్పున ఆరు జతకట్లు. బిడ్డకు తల్లి మూడు, తండ్రి మూడు ఇస్తాయి.

దీని ఫలితం చూడండి. ఒక్క పాలు ఉన్నా పైకి కనిపించే రంగు ఒకటి ఉన్నదనుకుందాం. తల్లిదండ్రులకు చెరి ఒక పాలే ఉంటే, సంతానంలో నాలుగింట ఒకటి రంగు లేనిదవుతుంది. చెరి రెండు ఉంటే 25లో ఒకటి. చెరి మూడు ఉంటే 400లో ఒక్కటి. చేనులో ఈ తల్లులన్నీ ఒకే రంగుతో నిలబడి ఉంటాయి. వాటి లోపలి పాళ్లు ఎన్నో కంటికి తెలియదు. పైగా వాస్తవంలో ఒక్కొక్క రంగు వెనుక ఒకటికి మించిన జన్యువులు పనిచేస్తాయి. అందువల్లనే గింజల నుండి తెలుపు మొదలు చిక్కని వన్నె వరకు నానావిధాల ఛాయలు పుడతాయి.

లోపలి రంగులలో ముఖ్యమైనవి రెండు. కాషాయపు గుజ్జు కెరోటిన్ వల్ల, ఊదా గుజ్జు నేరేడుపండులో ఉండే ఆంథోసయనిన్ జాతి వర్ణకాల వల్ల కలుగుతాయి. కెరోటిన్ మన శరీరంలో విటమిన్ ‘ఎ’గా మారుతుంది. అది కొరవడిన పసిబిడ్డలకు రేచీకటి వస్తుంది, ముదిరితే చూపే పోతుంది. కనుక ఈ రంగు కేవలం అలంకారం కాదు. ఆఫ్రికాలో కాషాయపు దుంపను పెంపొందించి ప్రచారం చేసిన మరియా ఆండ్రేడ్, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో అనే శాస్త్రజ్ఞులు, పైరులలోనే పోషకాలను పెంచే ఉద్యమానికి మార్గదర్శి అయిన హోవర్త్ బౌయిస్‌తో కలిసి, 2016లో ప్రపంచ ఆహార బహుమతిని అందుకున్నారు. మన దేశంలో 1963లో తిరువనంతపురంలో వెలసిన కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ కాషాయపు ‘భూసోన’ను, ఊదా ‘భూకృష్ణ’ను రైతులకు అందించింది.

కాని ఒక చిక్కు కలదు. కాషాయం చిక్కబడిన కొలదీ సాధారణంగా పిండిపదార్థం తగ్గి దుంప మెత్తబడుతుంది. మనవారి నాలుకకు పొడిపొడిగా విచ్చుకునే దుంపే రుచి. రంగునూ పిండినీ ఒకే దుంపలో కూర్చాలంటే పాత రకాలతో సంకరం చేయక తప్పదు. ఆ పాత రకాలు నిలిచి ఉండాలి కదా!

వరిని గాదెలో దాచవచ్చు. చిలగడదుంప రకాన్ని అలా గింజలో దాచలేము. గింజ నాటితే అది మరొక మొక్క అవుతుంది. అందువల్లనే పెరూ దేశపు లిమా నగరంలోని అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రంలో వేలాది చిలగడదుంప రకాలను గాజుగొట్టాలలో చిన్న మొక్కలుగా ప్రాణంతో నిలుపుతున్నారు. మన రైతు వేసవిలో తడి ఉన్నచోట నాలుగు తీగలు బ్రతికించుకోవడం కూడా ఆ పనే. అయితే తీగ తన రంగుతోపాటు తనకు సోకిన వైరస్ తెగుళ్లనూ మరుపంటకు మోసుకొని పోతుంది. దిగుబడి తగ్గుతుంది. రైతు విసుగుతో కొత్త తీగ తెచ్చుకుంటాడు, పాతది పశువుల పాలవుతుంది. ఆ రకం మరెక్కడా లేకపోతే, ఆ ఆరు పాళ్ల కూర్పు తిరిగి పుట్టడం దాదాపు అసంభవం.

కొత్త కాషాయపు దుంప మన పిల్లల కన్నులకు మేలు చేస్తుంది, దానిని ఆహ్వానించవలసినదే. చేను దానికి ఇచ్చినా, పెరటిలో ఒక పాదు పాత తీగకు మిగల్చడం రైతుకు పెద్ద ఖర్చు కాదు. రేపటి సంకరానికి తల్లి ఆ పాదులోనే ఉండవచ్చును.