చీకటిలో పది నిమిషాలు: ఇంట్లో ఫిల్మ్ కడిగే ముందు

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లి స్థిరపడినవారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఈ ఉక్కు నగరంలోని స్మృతి నగర్‌లో, అలాంటి ఓ ఇంట్లో బీరువా సర్దుతుంటే కడగని బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ రోల్ దొరికిందనుకుందాం. అందులో ఎవరి ముఖాలున్నాయో తెలియదు. కడిగే అవకాశం మాత్రం ఒక్కసారే. ఆ ఒక్కసారీ పని చెడితే, తప్పు చాలావరకు రసాయనాలు పోయకముందే జరిగి ఉంటుంది.

కనిపించని బొమ్మ

ఫిల్మ్‌పై పలుచని జెలటిన్ పొర ఉంటుంది. అందులో సిల్వర్ బ్రోమైడ్ వంటి లవణాల సూక్ష్మ స్ఫటికాలు చెదిరి ఉంటాయి. కాంతి తగిలిన స్ఫటికంలో ఎలక్ట్రాన్లు విడుదలై, కొన్ని వెండి అయాన్లను పరమాణువులుగా మారుస్తాయి. ఒకే చోట నాలుగైదు వెండి పరమాణువులు చేరితే చాలు, డెవలపర్ ద్రావణం ఆ స్ఫటికం మొత్తాన్ని నల్లటి వెండిగా మార్చేస్తుంది. అంటే చిన్న గుర్తు కోట్ల రెట్లు పెరుగుతుంది. పొరపాటున పడిన వెలుతురు కూడా అలాగే పెరుగుతుంది. అందుకే కడిగే ముందు ఫిల్మ్‌కు పూర్తి చీకటి కావాలి.

ఎంత చీకటి?

సినిమాల్లో చూపించే ఎర్ర దీపం ఇక్కడ పనికిరాదు. అది ఫొటో కాగితం కోసం. ఆ కాగితానికి ఎరుపు కాంతి సోకదు. సాధారణ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మాత్రం ఎరుపుతో సహా అన్ని రంగులనూ పసిగడుతుంది. పైగా కన్ను క్షణక్షణం కొత్తగా చూస్తుంది, ఫిల్మ్ అందిన కాంతినంతా కూడబెట్టుకుంటుంది. రాత్రిపూట కిటికీ లేని బాత్‌రూమ్ మంచిది. తలుపు కింద తువ్వాలు దూర్చాలి. గీజర్ ఎర్ర బల్బు ఆపాలి. ఫోను, వాచీ బయటే పెట్టాలి. పది నిమిషాలు కూర్చుంటే కళ్లు చీకటికి అలవాటుపడి, వెలుగు చొరబడే సందులు బయటపడతాయి.

రీల్‌పైకి ఎక్కించడం

36 ఫొటోల 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ పొడవు సుమారు 1.6 మీటర్లు. దాన్ని రీల్‌పై ఉన్న సర్పిలాకారపు గాడిలోకి ఎక్కించాలి. పొరలు ఒకదానికొకటి తగిలితే అక్కడ ద్రావణం చేరక మచ్చలు పడతాయి. ముందుగా పనికిరాని రోల్‌తో వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని సాధన చేయాలి. కత్తెర, రీల్, ట్యాంకు, మూతలను వరుసగా పెట్టుకుని దీపం ఆర్పాలి. సీసా ఓపెనర్‌తో డబ్బా మూత తీసి, ఫిల్మ్ కొసను నిటారుగా కత్తిరించి, మూలలను కాస్త గుండ్రం చేస్తే గాడిలో పట్టుకోదు. ఫిల్మ్‌ను అంచులతోనే పట్టుకోవాలి. రీల్‌ను ట్యాంకులో పెట్టి మూత బిగించాక దీపం వేసుకోవచ్చు. ఆ మూత ద్రావణాన్ని లోపలికి పోనిస్తుంది, కాంతిని పోనివ్వదు.

వాన, చలి, ఎండ

జెలటిన్ తేమను పీల్చుకుని ఉబ్బి, జిగురుగా మారుతుంది. వానాకాలంలో చెమట చేతులతో ఎక్కిస్తే ఫిల్మ్ మధ్యలోనే ఇరుక్కుంటుంది. కాబట్టి రీల్, చేతులు పొడిగా ఉండాలి. ఇరుక్కుంటే లాగకూడదు. ఫిల్మ్‌నూ రీల్‌నూ ట్యాంకులో పెట్టి, మూత బిగించి, దీపం వేసుకుని, చేతులు ఆరాక మళ్లీ ప్రయత్నించాలి. పొడి చలికాలంలో దీనికి భిన్నమైన సమస్య వస్తుంది. ఫిల్మ్‌ను వేగంగా లాగితే స్థిర విద్యుత్ మెరుపులు పుట్టి, ఫిల్మ్‌పై మెరుపు తీగల్లాంటి గీతలు పడతాయి.

భిలాయ్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. డెవలపర్‌కు సాధారణంగా సూచించే ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. అంతకంటే వేడెక్కితే రసాయన చర్య వేగం పెరిగి, నెగెటివ్ మరీ నల్లబడుతుంది. ఐసు ముక్కలను డెవలపర్‌లో వేయకూడదు, అది పలచబడుతుంది. సీసాను ఐసు నీళ్ల బకెట్‌లో నిలబెట్టి, థర్మామీటర్‌తో చూసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. డబ్బాపై సీ-41 అని ఉంటే దానికి వేరే రసాయనాలు కావాలి. దాన్ని ల్యాబ్‌కు పంపడమే మేలు. ఇక బీరువాలో దొరికిన రోల్‌ను మొదటి ప్రయోగానికి వాడొద్దు. కొత్త రోల్ ఒకటి తీసి, కడిగి, చేయి కుదిరాకే దాన్ని ముట్టుకోవాలి. అప్పటిదాకా గాలి చొరని డబ్బాలో, ఫ్రిజ్‌లో ఉంచితే కనిపించని ఆ బొమ్మ చెదిరిపోవడం నెమ్మదిస్తుంది.