కాంటాక్ట్ లెన్స్ డబ్బీ పరిశుభ్రత – కంటి ఇన్‌ఫెక్షన్ల నివారణ

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు
• లెన్స్ డబ్బీలో సూక్ష్మజీవులు ఎలా పెరుగుతాయో వివరించగలుగుతారు.
• డబ్బీని శుభ్రపరిచే పద్ధతిని తెలుసుకుంటారు.
• ప్రమాద సూచనలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

కళ్లజోడుకు బదులు కాంటాక్ట్ లెన్సులు వాడేవారు మీ ఇంట్లోనో స్నేహితుల్లోనో ఉండవచ్చు. మీరే వాడుతూ ఉండవచ్చు. లెన్సును శ్రద్ధగా కడిగేవారిలో కూడా చాలామంది, దాన్ని రాత్రంతా ఉంచే డబ్బీని పట్టించుకోరు. పాలు ఎంత బాగా కాచినా కడగని గిన్నెలో పోస్తే విరిగిపోతాయి. లెన్సు విషయమూ అంతే.

2. శుక్లపటలం

కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే పొరను శుక్లపటలం అంటారు. మధ్యభాగంలో దీని మందం సుమారు అర మిల్లీమీటరు. ఇందులో రక్తనాళాలు ఉండవు కాబట్టే ఇది పారదర్శకంగా ఉంటుంది. తనకు కావలసిన ఆక్సిజన్‌ను ఎక్కువగా గాలి నుంచి, కన్నీటి ద్వారా గ్రహిస్తుంది. లెన్సు ఈ సరఫరాను కొంత తగ్గిస్తుంది. పైపొరపై సన్నని గీతలు కూడా పడవచ్చు. వాటి గుండా సూక్ష్మజీవులు ప్రవేశిస్తే వచ్చే వ్యాధే కెరటైటిస్. పుండు మానినా, అక్కడ తెల్లని మచ్చ మిగిలితే చూపు శాశ్వతంగా తగ్గిపోవచ్చు.

3. డబ్బీలో ఏం జరుగుతుంది?

తడి డబ్బీ గోడలకు బాక్టీరియా అతుక్కుని, జిగురు పదార్థాన్ని స్రవించి, దాని చాటున గుంపుగా పెరుగుతాయి. దీన్ని బయోఫిల్మ్ అంటారు. లెన్స్ ద్రావణం ఈ పొర లోపలికి సరిగా చొరలేదు. అందుకే డబ్బీని కేవలం తొలిచితే చాలదు, రుద్దాలి.

డబ్బీలో చేరే వాటిలో మూడు ముఖ్యమైనవి:
(అ) సూడోమోనాస్ ఎరుజినోసా అనే బాక్టీరియా. ఇది శుక్లపటలాన్ని చాలా వేగంగా దెబ్బతీస్తుంది.
(ఆ) ఫ్యుసేరియం వంటి శిలీంధ్రాలు.
(ఇ) అకాంతమీబా. నీటిలోనూ మట్టిలోనూ జీవించే ఈ ఏకకణజీవి, పరిస్థితులు అనుకూలించనప్పుడు గట్టి కోశంగా మారుతుంది. కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ ఈ కోశాన్ని చంపలేదు. దీనివల్ల వచ్చే వ్యాధికి నెలల తరబడి చికిత్స అవసరమవుతుంది.

2006లో అమెరికా, సింగపూర్, హాంకాంగ్‌లలో లెన్సులు వాడేవారిలో ఫ్యుసేరియం కెరటైటిస్ ప్రబలింది. ఒక్క అమెరికాలోనే 164 కేసులు నిర్ధారణ అయ్యాయి. దీనితో సంబంధం ఉన్నట్లు తేలిన ఒక ద్రావణాన్ని ప్రపంచమంతటా మార్కెట్ నుంచి ఉపసంహరించారు. వాడిన ద్రావణాన్నే మళ్లీ వాడటం కూడా ముప్పును పెంచే అలవాటేనని ఆ సందర్భంలో గుర్తించారు.

4. శుభ్రపరిచే పద్ధతి

ఇది సాధారణ బహుళ ప్రయోజన ద్రావణం వాడేవారికి వర్తిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం వాడేవారు దానితో వచ్చిన సూచనలనే పాటించాలి.

1. చేతులు సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తుడుచుకోండి.
2. లెన్సులు పెట్టుకున్న వెంటనే డబ్బీలోని ద్రావణాన్ని పారబోయండి. పాతదానిపై కొత్తది ఎప్పుడూ పోయకండి.
3. డబ్బీ లోపలి భాగాన్ని, మూతలను వేలితో రుద్ది, తాజా ద్రావణంతో తొలవండి.
4. శుభ్రమైన టిష్యూ కాగితంతో తుడిచి, మూతలు తీసి, బోర్లించి ఆరబెట్టండి. స్నానాలగదిలో ఉంచకండి.
5. కనీసం 3 నెలలకొకసారి డబ్బీని మార్చండి.

కుళాయి నీరు, బోరు నీరు మాత్రమే కాదు, తాగడానికి పనికివచ్చే ఆర్.ఓ. నీరు, కాచి చల్లార్చిన నీరు కూడా లెన్సుకు గానీ డబ్బీకి గానీ తగవు.

5. ప్రమాద సూచనలు

కన్ను ఎర్రబడటం, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, పుసి కారడం, నల్లగుడ్డుపై తెల్లని చుక్క. వీటిలో ఏది కనిపించినా లెన్సును వెంటనే తీసివేసి, ఆ రోజే కంటి వైద్యుణ్ణి కలవండి. లెన్సును, డబ్బీని పారవేయకుండా వెంట తీసుకువెళ్లండి. వాటిని పరీక్షిస్తే కారకజీవి తెలియవచ్చు. మందుల దుకాణంలో అడిగి చుక్కల మందు వేసుకోకండి. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్లు కనిపిస్తూనే లోపల వ్యాధి ముదరవచ్చు. ఆముదం, చనుబాలు వంటివి కూడా కంట్లో వేయరాదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బయోఫిల్మ్ అంటే ఏమిటి? డబ్బీని రుద్ది కడగాలని ఎందుకు అంటారు?
2. కాచి చల్లార్చిన నీటితో లెన్స్ డబ్బీని కడిగే మీ స్నేహితునికి మీరు ఏమి సలహా ఇస్తారు?