కుక్కకు టీకా... పిల్లలకు రక్ష

మీ వీధిలో ఏ మెట్ల కిందో కుక్క ఈనిందనుకోండి. ఇక ఆ కూనల చుట్టూ మన పిల్లలే! బిస్కెట్లు పెట్టేది వాళ్లే, చలేస్తుందని గోనెసంచి కప్పేది వాళ్లే, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టేదీ వాళ్లే. మనం వద్దని ఎంత మొత్తుకున్నా, బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ గుమ్మంలో పడేసి అటే పరుగు. నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపక్కల గల్లీల్లో అయితే చెప్పనక్కర్లేదు. అడుగడుగునా హోటళ్లు, మాంసం దుకాణాలు. తిండి పారేసిన చోటికి కుక్కలు చేరతాయి, కుక్కలున్న చోటికి పిల్లలు చేరతారు.

పిల్లల్ని తప్పు పట్టలేం. మూగజీవిని చూసి ముచ్చటపడని పసివాళ్లుంటారా? కానీ తల్లులుగా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ కుక్కకు రేబిస్ టీకా పడిందా?

రేబిస్ అంటే మన పెద్దవాళ్లు చెప్పే పిచ్చికుక్క కాటు జబ్బే. లక్షణాలు బయటపడ్డాక ఇక దాదాపు ఎవరూ బతకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59 వేల మంది ఈ జబ్బుతో చనిపోతున్నారు. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే! పిచ్చి ఉందని అనుమానించే జంతువులు కరిచిన వారిలో 40 శాతం మంది 15 ఏళ్ల లోపు పిల్లలు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తుంది. అంటే జబ్బును కుక్క దగ్గరే ఆపగలిగితే మన పిల్లల దాకా రాదన్నమాట. ఆపే మార్గం ఉంది. పైగా ఆ టీకా తయారుచేసే పెద్ద సంస్థ ఒకటి మన హైదరాబాదులోనే ఉంది.

పాడి రైతు కోసం పుట్టిన కంపెనీ

ఆ సంస్థ పేరు ఇండియన్ ఇమ్యునలాజికల్స్. ఐఐఎల్ అంటారు, గచ్చిబౌలిలో ఉంది. దీని కథ కుక్కతో మొదలవలేదు, మనం రోజూ పొద్దున్నే కాచుకునే పాలతో మొదలైంది.

మన దేశంలో క్షీర విప్లవం 1970లో మొదలైందని చదువుకున్నాం కదా. కురియన్ గారి ఆధ్వర్యంలో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఊరూరా పాల సహకార సంఘాలను ప్రోత్సహించింది. అయితే రైతు పాలిట ఒక శత్రువు ఉండేది. అదే గాలికుంటు వ్యాధి. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి పశువు మేత ముట్టదు, నడవలేదు, పాలు తగ్గిపోతాయి. ఒక్క గేదె మీద ఆధారపడిన ఇంట్లో ఆ పాల డబ్బులు ఆగిపోతే ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా? పిల్లల బడి ఫీజు దగ్గర్నుంచి కిరాణా బాకీ దాకా అన్నీ ఆగిపోతాయి. అందుకని గాలికుంటు టీకాను రైతుకు అందుబాటు ధరలో ఇవ్వడానికి పాడి సంస్థే 1982లో హైదరాబాదులో ఈ కంపెనీ పెట్టింది. వాళ్ల పశువుల టీకాల పేర్లలో తరచుగా కనిపించే మాట ‘రక్ష’.

ఈనాటికీ ఐఐఎల్‌కు యజమాని పాడి సంస్థే. పశువులతో మొదలుపెట్టినవాళ్లు తర్వాత కుక్కల టీకాలూ చేశారు, ఆపైన కుక్క కరిచిన మనుషులకు వేసే టీకా దగ్గరికీ వచ్చారు. ఆ టీకా పేరు అభయ్‌రాబ్. ఊటీలో ఉన్న వాళ్ల హ్యూమన్ బయలాజికల్స్ ఇన్‌స్టిట్యూట్‌లో తయారవుతుంది. పశువుల మందుల కంపెనీకి మనుషులతో ఏం పని అనుకోకండి. పశువుకూ మనిషికీ వచ్చే జబ్బు ఒకటే అయినప్పుడు మందు చేసే చెయ్యీ ఒకటే అయితే తప్పేముంది?

బొడ్డు చుట్టూ సూదులు

మీ అమ్మగారినో అత్తగారినో అడిగి చూడండి. కుక్క కరిచిందంటే బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు అని ఇప్పటికీ భయంగా చెబుతారు. అది కట్టుకథ కాదు. అప్పటి టీకాను గొర్రె మెదడు నుంచి తయారుచేసేవారు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు 1911లో కనిపెట్టిన పద్ధతి అది. ఎన్నో ప్రాణాలు కాపాడింది, నిజమే. కానీ నొప్పి ఎక్కువ, కొద్దిమందికి నరాల జబ్బులు, పక్షవాతం వచ్చేవి. ఆ భయంతోనే చాలామంది ఆసుపత్రి గడప తొక్కకుండా నాటుమందులకు పోయేవారు.

మన దేశంలో 2004 చివర్లో ఆ టీకా తయారీ ఆపేశారు. ఇప్పుడు వేసేది ప్రయోగశాలలో పెంచిన కణాల మీద తయారైన టీకా. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేతి పైభాగంలో చర్మంలోకి సన్నటి సూదితో వేస్తారు. మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. నాలుగుసార్లు వెళ్లొస్తే సరి. కాబట్టి ‘బొడ్డు చుట్టూ’ అన్న మాట పిల్లల ముందు అననే అనకండి. ఆ భయంతోనే వాళ్లు కాటును దాచేస్తారు.

జూలై 6 ఎందుకు?

1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరికి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకును తీసుకొచ్చింది. వాడి పేరు జోసెఫ్ మైస్టర్. పిచ్చికుక్క ఒళ్లంతా కరిచింది. అప్పటికి ఆ టీకా జంతువుల మీద తప్ప మనుషుల మీద నిలదొక్కుకున్నది కాదు. అయినా ఆ తల్లి ఆశ వదులుకోలేదు. పది రోజుల పాటు టీకాలు వేయించారు. పిల్లవాడు బతికాడు!

ఆ రోజు గుర్తుగానే జూలై 6ను ప్రపంచ జూనోసిస్ దినం అంటున్నారు. అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల గురించి తెలియజెప్పే రోజు. ఏటా ఆ రోజున మన పశుసంవర్ధక శాఖ వాళ్లు పెంపుడు కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేసే శిబిరాలు పెడుతుంటారు. ఐఐఎల్ కూడా ఆ రోజున దేశంలో చాలాచోట్ల ఇలాంటి ఉచిత శిబిరాలకు టీకా ఇస్తూ వచ్చింది. మన నాంపల్లి, ఆబిడ్స్ వాళ్లకు దగ్గరలో ఉన్నది నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల. ఆటోలో కాసేపటి ప్రయాణం.

ఇది దానమా, ప్రచారమా?

ఇక్కడ మీకో సందేహం రావచ్చు. టీకాలు అమ్ముకునే కంపెనీ ఉచితంగా టీకాలు ఇస్తోందంటే అందులో దాని ప్రచారం లేదా అని. ఉంది, లేకుండా ఎందుకుంటుంది! పైగా 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాలు బాగా వచ్చే పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. బడి పిల్లలకు పాలు ఇచ్చే ‘గిఫ్ట్ మిల్క్’ అని పాడి సంస్థ పథకం ఒకటుంది. విటమిన్ ఎ, డి కలిపిన పాలు ప్రభుత్వ బడుల్లో పంచుతారు. దానికి డబ్బిచ్చిన సంస్థల్లో ఐఐఎల్ కూడా ఉంది.

నా మటుకు నాకు అనిపించేది ఇదీ. పాలు పంచితే తాగిన పిల్లవాడికి మేలు. అదీ మంచిదే. కానీ కుక్కకు వేసిన టీకా సంగతి వేరు. అది ఆ కుక్కకు మేలు, దాన్ని పెంచుకున్న ఇంటికి మేలు, ఆ గల్లీలో ఆడుకునే ప్రతి పిల్లకూ మేలు. కుక్కను పెంచుకునే స్తోమత లేనివాళ్లకు కూడా మేలే! మన ఇంట్లో అంట్లు తోమే ఆమె పిల్లలు రోజూ నడిచే దారి కూడా ఆ గల్లీయే కదా.

ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా పడితే, అక్కడ కుక్క నుంచి కుక్కకు రేబిస్ పాకడం ఆగిపోతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇది ఉత్తి లెక్క కాదు, గోవాలో చేసి చూపించారు. అక్కడ మిషన్ రేబిస్ అనే స్వచ్ఛంద సంస్థ, ప్రభుత్వం కలిసి ఏళ్ల తరబడి ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి కుక్కలకు టీకాలు వేశారు. బడి పిల్లలకు పాఠాలు చెప్పారు. మూడేళ్లుగా మనుషుల్లో ఒక్క రేబిస్ కేసూ లేదని 2021లో ఆ రాష్ట్రం ప్రకటించుకుంది. 2030 నాటికి దేశమంతటా కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను పోగొట్టాలని కేంద్రం కూడా 2021లోనే ఒక ప్రణాళిక తెచ్చింది.

మన ఊళ్లోనూ పనిచేసేవాళ్లు లేకపోలేదు. 1992లో అమల, నాగార్జున ప్రారంభించిన బ్లూ క్రాస్ మూగజీవాల కోసం పనిచేస్తోంది. వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా, రెండూ చేయించాల్సిన బాధ్యత నగరపాలక సంస్థది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధి కుక్కలు మీద పడి నాలుగేళ్ల బాబు చనిపోయినప్పుడు ఊరంతా కదిలిపోయింది. కోపం వచ్చింది, న్యాయమే. కానీ రాళ్లతో తరిమితే కుక్క పక్క గల్లీకి పోతుంది, అంతే. ఆపరేషన్ జరిగి, టీకా పడిన కుక్క ఉన్నచోట రేబిస్‌కు చోటుండదు.

సూది వాళ్లది, నడక మనది

కంపెనీ టీకా ఇవ్వగలదు, డాక్టరు వేయగలడు. కుక్కను అక్కడిదాకా తీసుకెళ్లేది మాత్రం మనమే! మూడు నెలలు నిండగానే కూనకు మొదటి రేబిస్ టీకా వేయించాలి. మళ్లీ ఎప్పుడు తేవాలో డాక్టరు చెబుతారు. ఆపైన ప్రతి ఏడూ తప్పనిసరి. ‘పోయినేడు వేయించాం కదా’ అని ఊరుకోకూడదు. పిల్లిని పెంచుకుంటే దానికీ వేయించాలి.

మన వంటింటి తెలివి పనికొచ్చే సంగతి ఇంకోటి చెబుతాను. టీకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. ఎండలో మందుల షాపులో కొని, పాలిథిన్ కవర్లో వేసుకుని, దారిలో కూరగాయలు కూడా కొనుక్కుని ఇంటికి తెస్తే ఆ సూది వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. ఫ్రిజ్‌లో పైన మంచు గడ్డకట్టే అరలో పెట్టినా పాడవుతుంది. అందుకని పశువైద్యశాలకే వెళ్లి అక్కడి ఫ్రిజ్‌లోంచి తీసి వేయించడం మంచిది. బయట కొనక తప్పకపోతే థర్మాస్‌లో మంచు ముక్కలు వేసి, సీసా మంచుకు నేరుగా తగలకుండా తీసుకెళ్లండి. టీకా కార్డు రేషన్ కార్డుతో పాటు భద్రంగా దాచండి.

పాలు కాచుకునే తాగాలన్నది కూడా ఈ లెక్కలోనిదే. పచ్చిపాల ద్వారా బ్రూసెల్లా వంటి జబ్బులు పశువు నుంచి మనిషికి వస్తాయి. గేదె ఇంటి ముందే పితికిన పాలైనా సరే, పొంగు వచ్చేదాకా కాచాల్సిందే.

కరిచినా, గీరినా వెంటనే...

* పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. బట్టల సబ్బయినా ఫరవాలేదు. ఆలస్యం చేయకపోవడమే ముఖ్యం.

* కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు... ఏదీ పెట్టకండి. గట్టిగా కట్టు కట్టకండి.

* ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. మనకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐపీఎం దగ్గర.

* రక్తం వచ్చేలా కరిచినా, గాయం మీద నాకినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వేయాలి. డాక్టర్ని అడగండి.

* గర్భిణీలు, పాలిచ్చే తల్లులు కూడా ఈ టీకా వేయించుకోవచ్చు. వేయించుకోవాలి కూడా.

* కరిచింది పెంపుడు కుక్కే అయినా, దానికి టీకా పడిందన్నా మానకండి. టీకాలు మొదలుపెట్టి, కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండండి.

* రెండు సూదులయ్యాక ‘తగ్గిపోయిందిలే’ అని మధ్యలో ఆపకండి.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల్ని తిట్టకండి. ‘కుక్క దగ్గరికి ఎందుకెళ్లావ్’ అని వీపు చిట్లగొడితే, ఈసారి గోరు గీరుకున్నా మనకు చెప్పరు. ఆ చెప్పకపోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది. ‘ఏం జరిగినా ముందు అమ్మకు చెప్పు, నేనేమీ అనను’ అని ఇవాళే పక్కన కూచోబెట్టుకుని చెప్పండి.

మరొక్క పని. వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండరు ఉంటుందిగా? జూలై పేజీ తీసి 6వ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. మీ ఇంట్లో కుక్క లేకపోయినా చుట్టండి. మీ అపార్టుమెంటు వాచ్‌మన్ దగ్గరో, పక్కింటివాళ్ల దగ్గరో ఉండే ఉంటుంది. ఆ రోజు పొద్దున ఓ మాట గుర్తుచేస్తే చాలు.